గర్భసంచి తీసేద్దామన్నారా, చెల్లీ?

చెల్లీ, ఈసారి మన ముచ్చట గర్భసంచి ఆపరేషన్ గురించి. ఇంట్లో మగవాళ్లు పక్కనే ఉన్నారా? ఉండనీ, వాళ్లూ వినాల్సిన సంగతే.

మన పల్లెల్లో ఆడవాళ్లు నాట్ల దగ్గర మాట్లాడుకుంటుంటే విను. ముప్పై, ముప్పై ఐదేళ్లకే ఆ ఆపరేషన్ అయినవాళ్లు ఎవరో ఒకరు తగలకుండా ఉండరు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ లెక్క తీశారు. 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఆ తర్వాతి సర్వేలోనూ మన రెండు రాష్ట్రాలే ముందున్నాయి. ఎక్కువ ఆపరేషన్లు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. మన తెలుగు ఆడవాళ్ల కడుపుల్లో మాత్రమే ఏదో ప్రత్యేకమైన జబ్బు ఉందంటే నేను నమ్మను.

మరి ఎందుకు జరుగుతోంది? తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువవుతోందనో, నడుం నొప్పనో ఒకామె ముందు ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. ఆయన టౌన్‌లో ఒక నర్సింగ్ హోమ్ పేరు చెప్తాడు. అక్కడ స్కానింగ్ తీస్తారు. ‘లోపల పుండు పడింది, గడ్డ ఉంది, ఇట్లాగే వదిలేస్తే క్యాన్సరవుతుంది’ అంటారు. ఆ ఒక్క మాట చాలు. చిన్న పిల్లలున్న తల్లి ఇక ఇంకేం అడుగుతుంది? మెడలో పుస్తెలు కుదువ పెట్టైనా డబ్బు తెచ్చి కడతారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు హద్దు లేకుండా పెరిగాయన్న గోల లేచింది. చివరికి ఆ పథకం కింద వాటిని సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

ఇందులో ఆడవాళ్లను తప్పుపట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ‘వాళ్లే అడిగి చేయించుకుంటున్నారు’ అంటారు. నిజమే, అడుగుతారు. మెదక్ వైపు ఒకామె నాతో అన్నది: ‘పిల్లలు పుట్టిన్రు, పిల్లలు కాకుంట ఆపరేషనయింది, ఇగ ఆ సంచితోని నాకేం పని? నెలకు నాలుగు దినాలు కూలి పోతున్నది.’ పొలం గట్టు మీద మరుగుదొడ్డి లేదు, బట్ట మార్చుకునే చాటు లేదు, సెలవు పెడితే కూలి రాదు. అట్లాంటి చోట నిలబడి ఆమె చేసిన లెక్క అది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా నుంచి చెరుకు కొట్టడానికి వలస పోయే ఆడవాళ్లదీ అదే కథ. మొగుడూ పెళ్లాలూ జంటగా ముకద్దం, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. ఒక రోజు పని మానితే జరిమానా. ఆ జిల్లాలో వేలాది మందికి గర్భసంచి తీసేశారని 2019లో బయటపడింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది.

తీసేస్తే పీడా పోయిందనుకుంటాం. అక్కడే అసలు దెబ్బ ఉంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగిన ఒళ్లు అయిపోతుంది. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల భయం. అండాశయాలు ఉంచినా కొందరికి అవి త్వరగా పని మానేస్తాయి. కూలికి పోయే మనిషికి ఒంట్లో సత్తువే ఆస్తి కదా. నాలుగు రోజుల కూలి మిగులుతుందని చేయించుకున్న ఆపరేషన్‌తో, తర్వాత నెలంతా పని చేయలేని నడుం మిగలొచ్చు.

తెల్లబట్టకు చాలాసార్లు మందులే సరిపోతాయి, భర్తకూ కలిపి ఇవ్వాల్సి రావచ్చు. నెలసరి ఎక్కువైతే ముందు మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. గడ్డలన్నీ తీయాల్సినవి కావు. క్యాన్సర్ అనుమానమా? గర్భసంచి ముఖద్వారానికి వెనిగర్‌లాంటి ద్రావణం రాసి చూసే పరీక్ష ఉంది, పాప్ స్మియర్ ఉంది. పరీక్ష చేయకుండా క్యాన్సర్ పేరెత్తిన డాక్టరు మాట అక్కడికక్కడే నమ్మొద్దు. నిజంగా క్యాన్సరైతేనో, మందులకు లొంగని రక్తస్రావమైతేనో ఆపరేషనే దారి. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఈ సంగతులు పల్లెకు చేరింది ఎవరివల్లో తెలుసా? హైదరాబాద్ డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి సూర్యప్రకాశ్ మెదక్ జిల్లా ఊళ్లు తిరిగి, ఆపరేషనైన ఆడవాళ్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసుకున్నారు, గర్భసంచిని కాపాడుకోవాలని ప్రచారం చేశారు. గుజరాత్‌లో ‘సేవా’ అనే కార్మిక ఆడవాళ్ల సంస్థ తమ ఆరోగ్య బీమా క్లెయిములు చూసుకుంటే గర్భసంచి ఆపరేషన్లే బోలెడు కనిపించాయి. వాళ్లు బీమా కాగితాలతో ఊరుకోకుండా, కార్మిక ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో జరిగిన అన్యాయం మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పదేళ్లు పట్టింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు తీర్పిచ్చింది: అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలి. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. నలభై లోపు ఆడవాళ్లకు చేస్తే ఎందుకు చేశారో రాసి పెట్టాలి.

మీ జిల్లాలో ఆ కమిటీ ఉందా? ఉంటే ఎప్పుడు కూర్చుంది? ఈ మాట పొదుపు సంఘం మీటింగులో అడగండమ్మా. అప్పు వాయిదాలు ఎలాగూ మాట్లాడుకుంటారు, ఆ పూటే ఇదీ మాట్లాడండి. ఒక సంఘంలో నేను చూశాను: ఒకామె చీర కొంగులో ముడిచి తెచ్చిన స్కానింగ్ కాగితం పదిమంది చేతులు మారింది. అంతా ఇంగ్లీషే, ఒక్కరికీ అర్థం కాలేదు. చివరికి ఒకామె కూతురు, ఇంటర్ చదివే పిల్ల, చదివి చెప్పింది: గడ్డ సైజు సెంటీమీటరున్నర. కాగితం తెచ్చినామెను ఆశా అక్క మర్నాడే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ డాక్టరమ్మ మూడు నెలలకు మాత్రలు రాసి, మళ్లీ చూద్దామంది.

ఇప్పటికే ఆపరేషనైన అక్కచెల్లెళ్ల సంగతి మర్చిపోతే ఎట్లా? మీ ఇంట్లో ఉంటే డిశ్చార్జి కాగితం వెతకండి. అండాశయాలు ఉంచారో తీశారో అందులో ఉండాలి. కాగితం లేకపోతే, చేరి మూడేళ్లు దాటకుంటే ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలు చెప్తున్నాయి. ఆ కాగితం పట్టుకుని సర్కారు ఆసుపత్రికి వెళ్లి, బీపీ, ఎముకల బలం చూడమనండి. తోడు కావాలంటే ఏఎన్‌ఎమ్మను పిలవండి, లేదా నువ్వే తోడు వెళ్లు చెల్లీ.