సలహాదారుని ప్రతిపాదన వ్రాయు విధము

విద్యార్థులారా! ఇంజనీరు, లెక్కల పరీక్షకుడు, వ్యాపార సలహాదారు మొదలగువారు తమ విద్యను ఇతరుల కార్యములకు వినియోగించి ప్రతిఫలము పొందుదురు. పనికి పూనుకొనుటకు ముందు, “మీ చిక్కు ఇది, మేము చేయదలచినది ఇది, ఇంత కాలము, ఇంత వ్యయము పట్టును” అని వారు వ్రాసి యిచ్చు పత్రమునకు ప్రతిపాదన యని పేరు. ఇది అర్జీ కాదు, కనుక వేడుకొనుట తగదు. ప్రకటన కాదు, కనుక ఆత్మస్తుతియు తగదు.

మన ఊరినుండియే ఒక ఉదాహరణము గైకొందము. బరంపురము పట్టునకు ప్రసిద్ధి. గుడి శిఖరముల వరుసవలె కనబడు కుంభపు అంచుగల చీరలకును, పురుషులు ధరించు జోడులకును భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక నేత సహకార సంఘమువారు “మా చీరలు అమ్ముడుపోవుటలేదు, ఉపాయము చెప్పుడు” అని మిమ్ము పిలిచిరనుకొనుడు. ఈ సంఘమును, దాని అంకెలును పాఠముకొరకు మేము కల్పించినవి.

మొదటిది, చిక్కును వ్రాయుట. “సంఘము నష్టములో నున్నది” అనుట చాలదు. “40 మగ్గములలో 26 మాత్రమే ఆడుచున్నవి, దసరాకు నేసిన చీరలలో 60 బీరువాలోనే యున్నవి, మజూరీ రెండు నెలలు ఆలస్యమగుచున్నది” అని వ్రాయవలెను. అంకెలు సంఘపు పుస్తకములనుండి రావలెను. వానిని మగ్గముల యొద్ద కూర్చుండి నేతగాండ్రను, ఇండ్లలో కండెలు చుట్టు స్త్రీలను అడిగి సరిచూచుకొనవలెను.

రెండవది, కారణమును వెదకుట. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ధ్వంసము చేసినది. మరుసటి ఏట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సలహా ఇంజనీరుగా అచటికి వచ్చిరి. ఆయన నగరమును మాత్రమే చూడక, ఎగువ ప్రదేశపు వర్షపు లెక్కలను పరిశీలించి, మూసీ, ఈసీ నదులపై జలాశయములు కట్టవలెనని సూచించిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. నష్టము నగరములో కనబడినను మూలము ఎగువ నుండెను. అట్లే చీర అమ్ముడుపోకుండుటకు మూలము ధరయో, రంగుల ఎంపికయో, అప్పుపై తెచ్చిన పట్టునూలో కావచ్చును. తెలియనిచో “దీనిని మొదటి నెలలో పరిశీలించెదము” అని వ్రాయుట గౌరవమే.

మూడవది, పనియు దాని హద్దును. “ఆరు వారములలో సరకు జాబితాను, ఒక్కొక్క రకపు చీరకగు నిజమైన వ్యయమును లెక్కించి యిచ్చెదము. చీరలు అమ్మిపెట్టుట మా పని కాదు” అని తేటగా చెప్పవలెను. “అమ్మకములు రెట్టింపు చేసెదము” అను వాగ్దానము చేయరాదు. అది సలహాదారుని చేతిలోనిది కాదు.

నాలుగవది, ప్రతిఫలము. పని మొదలిడునపుడు ఎంత, నివేదిక అందినపుడు ఎంత, రాకపోకల వ్యయము ఎవరిది అను సంగతులు దాచక వ్రాయుడు. చిన్న సంఘమునకు పెద్ద ప్రణాళిక భారమగును. ఒక నెల పరిశీలనతో మొదలిడి, అది నచ్చిన పిమ్మటనే తక్కిన పని యనుట మేలు.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, భాష. బరంపురము 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధానినుండి విడివడి, క్రొత్తగా ఏర్పడిన ఒడిస్సాలో చేరినది. బ్యాంకునకును, ప్రభుత్వ శాఖకును పోవు ప్రతి ఒడియాలోనో ఇంగ్లీషులోనో యుండక తప్పదు. కాని తెలుగువాడైన సభ్యుడు తనకు తెలియని కాగితముపై సంతకము చేసినచో, అది పేరునకే ఒప్పందము. రేపు తగవు వచ్చినపుడు నష్టపోవువాడు అతడే. కావున తెలుగు ప్రతిని కూడ వ్రాసి, సభలో చదివి వినిపింపవలెను. సభ్యులలో ఒడియావారున్నచో వారికిని అట్లే. అన్ని ప్రతులలోను అంకెలు, తేదీలు ఒక్కటిగా నున్నవో లేవో సరిచూడవలెను.

మన పిల్లలకు మూడు భాషలు భారమని అనువారు కలరు. ఈ వృత్తిలో ఆ భారమే మూలధనము. తెలుగు మాటలాడుచు లిపి నేర్వనివారు ఈ మూలధనములో మూడవ వంతును చేజార్చుకొందురు.

అభ్యాసము: మీ వీధిలోని ఒక అంగడిని, యజమాని అనుమతితో, రెండు దినములు పరిశీలించుడు. పై అయిదు అంశములతో ఒక పుటకు మించని ప్రతిపాదన వ్రాయుడు. దానిని ఆ యజమానికే చదివి వినిపించుడు. ఆయన “అనగా నేమి?” అని అడిగినచోట మాటను మార్చుడు.