ముందూ వెనకా లేని వలయం

కంటెంపరరీ డ్యాన్స్ అనగానే టీవీ షోల్లో గాల్లోకి ఎగరడం, నేల మీద దొర్లడం గుర్తొస్తాయి కదా. విశాఖలో నేను చేరిన క్లాసులో మొదటి నెలంతా అవేవీ లేవు. నేర్పింది ఒక్కటే: పక్కవాళ్ల మీద మన బరువు వెయ్యడం, వాళ్ల బరువు మనం మొయ్యడం.

1972లో అమెరికాలో స్టీవ్ పాక్స్‌టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ పద్ధతి ఇది. స్టెప్పు ముందే ఉండదు. ఇద్దరి ఒళ్లు ఎక్కడ ఆనుకుంటే అక్కణ్ణించే తర్వాతి కదలిక పుడుతుంది. మన భాషలో చెప్పాలంటే, సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఇద్దరికీ ఉమ్మడి. ఒకరు చటుక్కున తప్పుకుంటే రెండోవాళ్లు పడతారు. అందుకే క్లాసులో చాలామంది కర్రల్లా బిగుసుకుపోయేవారు.

నాకు మాత్రం ఇది కొత్త కాదు. మాది అరకు వైపు. చైత్రంలో ఇటుకల పండగకి, పెళ్లిళ్లకి మా ఆడవాళ్లు ధింసా ఆడతారు. చేతులు వీపుల వెనక పెనవేసుకుని వలయం కడతారు. తుడుము, డప్పు, మోరి మోగుతుంటే అంతమందీ ఒక్క ఒళ్లులా వంగి లేస్తారు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి కథంతా పాదాలు, మోకాళ్లు, నడుమే చెప్పాలి. భాగ్ ధింసా అంటే పులి నుంచి తప్పించుకోవడం. కుండ ధింసాలో అయితే భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఊగుతారు. పాక్స్‌టన్ చూసి ఉంటే ముచ్చటపడేవాడేమో!

ఇప్పుడు అసలు సంగతి. మన ఫెస్ట్‌కి రెండు నిమిషాల ‘ధింసా ఫ్యూజన్’ చెయ్యమన్నారు. వలయం విప్పి, జనం వైపు తిరిగి, వరసగా నిలబడాలట. కొత్తగా చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు, నేను నేర్చుకుంటున్నదే కొత్తది. కానీ వలయానికి ముందూ వెనకా ఉండవు. ఆ పట్టు వదిలేశాక మిగిలేది చీరకట్టు, గజ్జెలు. దాన్ని ధింసా అని మైకులో చెబితే ఇంటికెళ్లి అమ్మమ్మకి వీడియో చూపించలేను.

నమ్మకపోతే మీరే చేసి చూడండి. ఐదుగురు చెప్పులు విప్పి పక్కపక్కన నిలబడండి. చేతులు వెనకనుంచి చాచి పక్కవాళ్ల నడుము గట్టిగా పట్టుకోండి. మోకాళ్లు కొంచెం వంచండి. చివరివాళ్లు ఏమీ చెప్పకుండా ఒక అడుగు పక్కకి వెయ్యాలి. ఆ అడుగు రెండో చివరికి చేరిందా, మధ్యలో ఎవరి దగ్గరైనా ఆగిపోయిందా? ఆగితే అక్కడ ఎవరో తమ బరువు తామే పట్టుకుని నిలబడ్డారన్నమాట. అద్దం ముందు చెయ్యకండి, కళ్లు అటే పోతాయి.

స్టేజీ వద్దు, బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యలో ఆడతాం, చూసేవాళ్లు చుట్టూ కూర్చుంటారు అని కమిటీకి రాసిచ్చాను. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా వలయానికి ఇంకో ఆరుగురు కావాలి. డ్యాన్స్ రాకపోయినా పర్వాలేదు.