తీగెయు ఫలమును

పాఠ్యభాగము: యోహాను 15:1–17
ముఖ్యాంశము: శిష్యత్వమునకు ప్రార్థన వేరు, ప్రేమ ఫలము.

ఇరువదవ శతాబ్దారంభమున బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీవారి గొప్ప కర్మాగారము ఖరగ్‌పూరులో పెరుగుచుండగా, ఉత్తర కోస్తా జిల్లాలనుండి అనేకులైన తెలుగువారు పనికై అచ్చటికి తరలిపోయిరి. వారిలో క్రైస్తవులు స్వభాషలో ప్రభువును ఆరాధించుటకు కూడుకొనిరి. తరములు గడచినను ఆ భాష అచ్చట నిలిచియున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికార భాషగా గుర్తింపు నిచ్చుటకు సమ్మతించెను. ఇది సంతోషకరమే. అయితే ఇట్టి సంఘమునకు ఒక పరీక్ష కలదు: ప్రార్థన తెలుగులో సాగుచుండగా, ప్రేమయు తెలుగు ఇండ్లయొద్దనే ఆగిపోవునా?

1. నిలిచియుండుట

పాఠ్యభాగమందు 4 మొదలు 10 వరకు గల వచనములలో, "నిలిచియుండుట" అను భావముగల పదము మూలభాషలో పదిమారులు వచ్చుచున్నది. వల్లినుండి వేరైన తీగె ఎంత పచ్చగా కనబడినను ఎండక మానదు. 7వ వచనములో ప్రార్థనకు ముందు ప్రభువు మాటలు శిష్యునిలో ఉండవలెనని చెప్పబడినది. కావున ప్రార్థన కోరికల పట్టిక కాదు. ప్రభువు చిత్తమునకు హృదయమును అప్పగించుట. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చు కార్మికునికి వేకువ ప్రార్థన వేళ దొరకకపోవచ్చును. అతడు ఏ గడియలో తలుపు మూసికొనినను రహస్యమందున్న తండ్రి అతనిని చూచును (మత్తయి 6:6).

2. ఫలించుట

బహుగా ఫలించుటవలన శిష్యులు శిష్యులుగా కనబడుదురని 8వ వచనము బోధించుచున్నది. 12వ వచనములోని ఆజ్ఞ ప్రేమయే. ఈ ఆజ్ఞ నిచ్చిన రాత్రియే ప్రభువు తన్ను అప్పగింపబోవువాని పాదములను సహా కడిగెను.

రైల్వే క్వార్టర్సులో పొరుగువానిని ఎవరును ఎన్నుకొనరు. కేటాయించిన ఇంటిలో కాపురముండవలెను. ఒక ప్రక్క బెంగాలీ కుటుంబము, మరియొక ప్రక్క ఒడియావారు ఉండవచ్చును. అర్ధరాత్రి ఆ ఇంటిలో జబ్బుచేసినప్పుడు ఆసుపత్రివరకు తోడు వెళ్లుటకు భాష అడ్డము కాదు. అంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. పదోన్నతిలో తన్ను దాటిపోయిన తోటి పనివానికొరకు పేరెత్తి ప్రార్థించుట. మొదటి దినమున ఆ పేరు నోట రాదు. మానక ప్రార్థించువాడు చాలకాలము అతని ద్వేషింపజాలడు. అచ్చట వేరు ఫలమును తాకుచున్నది.

3. నిలుచు ఫలము

1,072.5 మీటర్ల పొడవుగల ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము లోకములోకెల్ల పొడవైనదని చాలకాలము పేరుపొందెను. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయెను. మనుష్యుల ఘనత ఇట్లు చేతులు మారును. శిష్యుల ఫలము నిలుచుటకే ప్రభువు వారిని ఏర్పరచుకొనెను (16వ వచనము). ప్రేమకు అంతము లేదని పౌలును సాక్ష్యమిచ్చుచున్నాడు (1 కొరింథీ. 13:8).

ఆలోచించుడి

1. ఈ వారము మీ ప్రార్థనలో మీ భాషకు, మీ సంఘమునకు వెలుపటివారి పేరు ఒక్కటైనను ఉన్నదా?
2. ఎవరి పేరు ప్రార్థనలో ఉచ్చరించుట మీకు కష్టముగా ఉన్నది?

ప్రార్థనాంశము: స్వస్థలమునకు దూరముగా నివసించు తెలుగు సంఘములు తమ పొరుగువారికి ప్రభువు ప్రేమను క్రియలలో కనుపరచునట్లు.