మోటారుకారు రేడియేటరు నీటిని ఇంటియొద్ద మార్చు విధము

మోటారుకారు యంత్రములో పెట్రోలు మండగా పుట్టు వేడిమిలో, స్థూలముగా చెప్పిన, మూడవవంతునకు మించని భాగము మాత్రమే చక్రములను త్రిప్పుటకు అక్కఱకు వచ్చును. మఱియొక మూడవవంతు పొగగొట్టము ద్వారా వెలుపలికి పోవును. మిగిలిన వేడిమి యంత్రపు లోహమునందే నిలిచి, దానిని తీసివేయు సాధనము లేనిచో కొలదినిమిషములలోనే ముషలకములు బిగిసికొనిపోవునట్లు చేయును. ఆ సాధనమే నీరు. 1886వ సంవత్సరమున కార్లు బెంజు పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో ఈ నీరు ఆవిరియై పోవుచుండెడిది. దారిలో మరల మరల నీరు పోసికొనవలసి వచ్చెడిది. తేనెపట్టును పోలిన రేడియేటరును విల్‌హెల్ము మైబాకు నిర్మింపగా, అది 1901లో మెర్సిడెసు బండితో వెలువడెను. అందులో ఒకే నీరు చల్లబడుచు, వేడెక్కుచు, లోపలనే తిరుగుచుండెను.

ఆ తిరుగుడు ఎట్టిదో ముందు గ్రహింపవలెను. పంపు నీటిని యంత్రపు గోడలలోని సందులగుండ త్రోయును. యంత్రము చల్లగా నున్నంతవఱకు థర్మోస్టాటు అను చిన్నతలుపు మూసికొనియుండి నీటిని రేడియేటరులోనికి పోనీయదు. దానిలో మైనమువంటి పదార్థమొకటి కలదు. సుమారు 82 మొదలు 90 డిగ్రీల సెంటిగ్రేడు వేడియందు ఆ మైనము కరగి ఉబ్బి తలుపును తెఱచును. అప్పుడు నీరు రేడియేటరు సన్నగొట్టములలో ప్రవహించి, గాలికి తన వేడిమి నిచ్చి, క్రిందిగొట్టముద్వారా యంత్రమును చేరును.

మన దేశమున నీరు గడ్డకట్టు చలి యెక్కడిది, బావినీరు చాలదా యని పలువు రడుగుదురు. చాలదు. ఎథిలీను గ్లైకాలు అను ద్రవమును సగమునకు సగము నీటితో కలిపినచో ఆ మిశ్రమము సుమారు 107 డిగ్రీలవఱకు మరగదు. దానిపై బిగించు ఒత్తిడిమూత, మన వంటయిండ్లలోని ప్రెషరుకుక్కరు మూతవలెనే, ఆ హద్దును ఇంకను పైకి జరుపును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. ఆ ద్రవములో త్రుప్పును నివారించు లవణములు కలిపియుందురు. ఇవి కాలక్రమమున వ్యయమైపోవును. ద్రవము నిండుగానే కనబడుచున్నను దాని బలము పోవును. కావున బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన గడువునకు దానిని మార్చవలెను. సామాన్యపు ద్రవమునకు రెండు మూడేండ్లు, దీర్ఘకాలపు రకములకు అయిదేండ్లు లేక అంతకెక్కువ గడువుండును. పచ్చ, ఎఱుపు, నీలము అను రంగులను చూచి రకమును నిర్ణయింపరాదు. రంగు తయారుచేయువాని యిష్టము.

మన బోరుబావుల నీటిలో సున్నపులవణములు హెచ్చు. నీళ్లు కాచు బిందె అడుగున తెల్లని పెచ్చు కట్టుట ప్రతిగృహిణియు ఎఱిగినదే. ఆ పెచ్చే రేడియేటరు గొట్టములలోను కట్టును. నేను పాతబండి నొకదానిని కొని తొలిసారి నీటిని దింపినప్పుడు కాఫీకషాయమువంటి ద్రవము వెలువడెను. అడుగున ఇటుకపొడివంటి త్రుప్పు నిలిచెను. అందుచేత ఈ పనికి బట్టీపట్టిన నీటినే వాడవలెను.

ఇక నేలమీద ఒలుకకుండ చేయుమని యింతగా చెప్పుట ఏల? సిమెంటునేల మరకపడునను భయము చిన్నది. ఎథిలీను గ్లైకాలు తియ్యగా నుండును, అది విషము. ఒకనాటి సాయంకాలము నేను దింపిన ద్రవమును బేసినులోనే వసారాలో విడిచి, తెల్లవాఱిన పిదప చూతమని నిద్రించితిని. ప్రక్కయింటివారి కుక్క రాత్రివేళ దానిని త్రాగెను. ఉదయమున అది కల్లు త్రాగినదానివలె తూలుచు వాంతిచేసికొనెను. మధ్యాహ్నమునకు కోలుకొన్నట్లే కనబడెను, మేమందఱము సంతోషించితిమి. మూడవనాడు మూత్రము బంధించి చనిపోయెను. ఆ యింటి చిన్నవాడు దానికి స్వహస్తముతో అన్నము పెట్టుచుండెడివాడు. వానికి నే నేమి చెప్పగలను?

ఆ మధ్యాహ్నపు కోలుకొనుట మోసమని తరువాత తెలిసికొంటిని. గ్లైకాలు తనంతట చేయు కీడు తక్కువ. కాలేయము దానిని మార్చి మార్చి తుదకు ఆక్జాలికామ్లముగా చేయును. అది రక్తములోని కాల్షియముతో కూడి సన్నని స్ఫటికములై మూత్రపిండములను పాడుచేయును. ఈ మార్పును ఆపు మందులు వైద్యులయొద్ద కలవు గాని, వానిని మొదటి గంటలలోనే ఈయవలెను. పిల్లికి ఒక్క చెంచాయైనను ప్రాణాంతకము కాగలదు. మనుష్యుడు త్రాగినను జరుగున దిదియే. పసిబిడ్డగాని పశువుగాని త్రాగినదని అనుమానము కలిగినంతనే, బాగుగానున్నట్లు కనబడినను, వైద్యునియొద్దకు కొనిపోవలెను.

పనికి ఉదయమే తగినవేళ. రాత్రియంతయు నిలిచి యంత్రము పూర్తిగా చల్లాఱి యుండును. వేడిమీద మూతను తెఱచుట మహాపాయము. లోపలి నీరు 100 డిగ్రీలకు మించియున్నను ఒత్తిడిచేత మరగక నిలిచియుండును. మూత వదులైన క్షణముననే ఆవిరియై ముఖముపైకి చిమ్ము ను. గుడ్డ కప్పి తెఱచిన చాలునను మాట నమ్మవలదు. తాళపుచెవిని తీసి, బ్యాటరీ ఋణతీగను విప్పుడు; కొన్ని బండ్లలో యంత్రము నిలిచియున్నను పంకా తనంతట తిరుగును. చక్రములకు రాళ్లు పెట్టుడు. జాకీమాత్రమే ఆధారముగా లేపిన బండిక్రింద ఎవరును దూరరాదు.

వెడల్పైన బేసినును, దానిక్రింద అట్టలను పఱచి, ప్రక్కన ఇసుకయో ఊకయో సిద్ధముగా నుంచుకొనుడు. రేడియేటరు అడుగున నీరుదించు మర యుండినచో దాని ముక్కునకు సన్నని రబ్బరుగొట్టము తొడిగి రెండవకొనను డబ్బాలో నుంచుడు. మొదట పైమూతను తీయక క్రిందిమరను వదులుచేయవలెను. ప్రయోగశాలలో గాజుగొట్టము పైకొనను వ్రేలితో మూసినప్పుడు లోని నీరు జాఱక నిలుచుటను విద్యార్థులు చూచియే యుందురు. ఇక్కడను అంతే, గాలి చొరనిదే నీరు ధారగా రాదు, కొంచెము కొంచెముగా కారును. ఆ కారుచోటును చూచి బేసినును సరిగా నమర్చి, అప్పుడు మూతను మెల్లగా త్రిప్పుడు. ధార బలపడి కొంత దూరముగా పడునని ముందే తలచి యుంచవలెను. నూటికి నూరుపాళ్లు ఒలికిన సందర్భములన్నియు మూతను ముందు తీసిన తొందరవలననే యని నా అనుభవము.

మర లేని బండ్లలో క్రిందిగొట్టమునే విప్పవలెను. దాని పట్టీని ప్లయరుతో వెనుకకు జరిపి, గొట్టమును చేతితో అటునిటు మెలిపెట్టి పట్టు వదలించుడు. ఇనుపముక్కతో పొడిచినచో ప్లాస్టికు మెడ విఱుగును; ఆ నష్టము ఈ పనియంతటి వెలకంటె ఎక్కువ.

దిగిన ద్రవమును కొలిచి వ్రాసికొనుడు. ఇందు లెక్క యున్నది. బండిలో మొత్తము 5 లీటర్లు పట్టునని పుస్తకము చెప్పగా 3 లీటర్లే దిగినవనుకొందము. యంత్రపు సందులలో 2 లీటర్ల పాతద్రవము నిలిచియున్నది. 3 లీటర్ల బట్టీనీటిని పోసి, లోపలి వేడిగాలి మీటను పూర్తిగా తెఱచి, పైగొట్టము వేడెక్కువఱకు యంత్రమును నడపవలెను. అది వేడెక్కినచో థర్మోస్టాటు తెఱచుకొన్నదని గుర్తు. ఇప్పుడు పాతది నూటికి 40 వంతులు. చల్లార్చి మరల దించి నింపిన 16, మూడవసారికి 6.4. ప్రతిసారియు మిగులునది ఐదింట రెండుపాళ్లు గనుక ఇట్లగును. నీరు తేటగా వచ్చువఱకు చేయుడు. ప్రతిపర్యాయమునకు చల్లార్పవలసియుండుటచే ఒక్కదినమున ముగియదు. సెలవుదినములలో పెట్టుకొనుట మేలు.

చివరిసారి దించిన పిదప లోపల 2 లీటర్లు ఇంచుమించు వట్టినీరే. ఇప్పుడు అంగడిలో దొరకు సిద్ధమిశ్రమమును 3 లీటర్లు పోసినచో అందు గ్లైకాలు 1½ లీటరే గావున మొత్తముమీద నూటికి 30 వంతులే యగును. కాబట్టి కలుపని గాఢద్రవమును 2½ లీటర్లు ముందు పోసి, మిగిలిన అరలీటరు నీటితో నింపవలెను. ఈ పొరపాటును పనివారు సైతము చేయుచుందురు.

దిగిన దంతయు, కడిగిన నీటితో సహా, పండ్రెండు లీటర్లకు తక్కువ యుండదు. దానిని కాలువలోగాని, బావిచెంతగాని పోయరాదు. బిగుతైన మూతగల డబ్బాలలో నింపి "విషము" అని పెద్దయక్షరములతో వ్రాసి, వాడిన నూనెలను, ద్రవములను పుచ్చుకొను మరమ్మతుశాలకు ముందే అడిగి ఒప్పగింపవలెను. త్రాగునీటి సీసాలలో ఎన్నడును నింపరాదు. ఒలికినచోట ఇసుక చల్లి, పీల్చుకొన్న పిదప ఊడ్చి, దానినిగూడ సంచిలో కట్టి వేఱుగా నుంచవలెను.

క్రొత్తద్రవము పోసినతరువాత, మూతను తీసియే యంత్రమును చల్లనిస్థితినుండి నెమ్మదిగా నడపిన లోపలి గాలి బుడగలై వెలువడి, మట్టము తగ్గును. తగ్గినంత పోసి, మరగు వేడి రాకమునుపే మూత బిగింపవలెను. గాలి వెడలుటకు వేఱుమర గల బండ్లకు పుస్తకములో చెప్పిన క్రమమే ప్రమాణము. తరువాతి మూడు నాలుగు ఉదయములు ప్రక్కసీసాలోని మట్టమును, బండిక్రింది నేలను చూచుచుండుడు. నా బేసినునకు ఇప్పుడు మూతగలదు; దానిని తాళమువేయు గదిలో నుంచుచున్నాను.