చివరి పేరు పిలిచేదాకా

చిరంజీవి స్రవంతికి,

స్నాతకోత్సవానికి నువ్వే స్వయంగా వెళ్లి పట్టా అందుకుంటావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ఏం కట్టుకోవాలో పెద్దమ్మనే అడగమన్నావట.

ముందు మీ యూనివర్సిటీ పంపిన సూచనల కాగితం పూర్తిగా చదువు. కొన్నిచోట్ల నల్ల గౌను, టోపీ. కొన్నిచోట్ల తెల్లని బట్టల మీద కండువా. ఈ గౌను ఐరోపాలో మధ్యయుగపు మతాచార్యుల దుస్తుల నుంచి వచ్చింది. 2010లో భోపాల్‌లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్నాతకోత్సవ వేదిక మీదే దాన్ని విప్పేశారు. 2019లో యూజీసీ కూడా ఇలాంటి వేడుకలకు చేనేత బట్టలు వాడమని విశ్వవిద్యాలయాలకు రాసింది. నాకూ చేనేతే ఇష్టం. అయినా మీ వాళ్లు గౌనంటే గౌనే వేసుకో. కలిగినవాళ్ల బిడ్డా, కూలి చేసి చదివించిన తల్లి బిడ్డా ఆ పూట ఒకేలా కనిపిస్తారు. అది చిన్న విషయం కాదు.

లోపలికి మంగళగిరి నూలుచీర కట్టుకో. పట్టుచీర అయితే గౌను కింద ఉక్కపోస్తుంది. కుచ్చిళ్లకు పిన్ను పెట్టి, వేదిక మెట్లెక్కేటప్పుడు కాళ్లకు అడ్డం పడకుండా చీర కాస్త పైకి కట్టుకో. కొత్త చెప్పులొద్దు, అలవాటైనవే వేసుకో. ముడి వేస్తే టోపీ నిలవదు, జడే మేలు. అమ్మ పూలు పెడతానంటే మాత్రం కాదనకు.

ఆచార్యులు వరుసగా లోపలికి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు లేచి నిలబడాలి. ఫోను ఆపేసి నాన్నకిచ్చెయ్. వేదిక మీద ఎవరి కాళ్లకూ మొక్కకు, వెనక వరుసంతా ఆగిపోతుంది. చేతులు జోడించి నమస్కరించి, రెండు చేతులా పట్టా అందుకుంటే చాలు. చదువు చెప్పిన మేడమ్ కాళ్లకు సభ అయ్యాక తీరిగ్గా దండం పెట్టుకో. టోపీ తిరిగి అప్పజెప్పాలి కాబట్టి గాల్లోకి ఎగరేయొద్దు.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను గట్టిగా చెప్పదలచింది వేరే ఉంది. నీ పట్టా చేతికి రాగానే బయటికి వెళ్లిపోకు. పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో ఎన్నోసార్లు చూశాను. మొదటి పేర్లకు హాలంతా చప్పట్లతో దద్దరిల్లుతుంది. సగం పేర్లయ్యేసరికి పిల్లలు ఫోటోల కోసం చెట్ల కిందికి చేరతారు. చివరి వరుసల వాళ్ల పేర్లు ఖాళీ కుర్చీల ముందు వినబడతాయి. వాళ్లూ నీలాగే రాత్రుళ్లు మేలుకొని చదివారమ్మా. వాళ్ల అమ్మానాన్నలూ తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చారు. నీ స్నేహితులను కూడా కూర్చోబెట్టు. చివరి పేరు పిలిచేదాకా, మొదటి పేరుకు కొట్టినంత గట్టిగా చప్పట్లు కొట్టండి. జనగణమన అయ్యాకే లేవండి. ఫోటోలు ఎక్కడికీ పోవు.

పట్టాలో నీ పేరు, ఇంటిపేరు అక్షరం అక్షరం చూసుకో. తప్పుంటే వెంటనే పరీక్షల విభాగానికి అర్జీ పెట్టు. నంబరు కనబడేలా పట్టా ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు.

పాసులు రెండే ఇస్తే అమ్మకూ నాన్నకూ ఇవ్వు. మూడోది దొరికితే ఫోన్ చెయ్, ముందురోజు సాయంత్రానికే వచ్చి నీ కుచ్చిళ్లు నేనే సర్దుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ