ఉద్యోగ సోపానం – ఆంగ్లభాషా నైపుణ్యం

ఉద్దేశం: బహుళజాతి సంస్థలలో ఆంగ్లభాషా నైపుణ్యానికి గల విలువను, ఆ నైపుణ్యపు నిజస్వరూపాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

భాష భావవినిమయ సాధనం. ఇంటిలో, ఊరిలో మనసులోని మాటను తెలపడానికి మాతృభాష చాలు. కాని పనిచేసే చోట పలు దేశాలవారు కలిసినప్పుడు అందరికీ తెలిసిన ఒక భాష అవసరమవుతుంది. నేటి బహుళజాతి సంస్థలలో ఎక్కువగా ఆ స్థానం ఆంగ్లానికి దక్కింది.

1991లో భారతదేశం సరళీకృత ఆర్థిక విధానాలను చేపట్టిన తరువాత విదేశీ సంస్థల రాక పెరిగింది. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రారంభమైంది. 2019లో పెనుకొండ సమీపంలో కొరియా దేశపు కియా సంస్థ కార్ల ఉత్పత్తిని ఆరంభించింది. కొరియా నిపుణునికి తెలుగు రాకపోవచ్చు. తెలుగు యువకునికి కొరియా భాష రాకపోవచ్చు. అటువంటి చోట ఇద్దరికీ మాతృభాష కాని ఆంగ్లమే వారధిగా నిలుస్తుంది. ఆంగ్లేయులతో సంభాషించడానికే కాక, ఆంగ్లేయులు కానివారు తమలో తాము సంభాషించుకోవడానికి సైతం ఆంగ్లం సాధనమైంది.

జపానులోనూ ఈ మార్పు కనిపిస్తుంది. అక్కడి అంతర్జాల వ్యాపార సంస్థ రకుటెన్ అధిపతి హిరోషి మికిటాని, తమ సంస్థలో ఆంగ్లమే కార్యాలయ భాష అవుతుందని 2010లో ప్రకటించారు. ఉద్యోగులకు రెండేళ్ల గడువిచ్చారు. సమావేశాలు, పత్రాలు, చివరకు భోజనశాలలోని పదార్థాల పట్టిక కూడా ఆంగ్లంలోకి మారాయి. 2012లో ఈ విధానం పూర్తిగా అమలులోకి వచ్చింది. అనుభవజ్ఞులు సైతం విద్యార్థులవలె ఆంగ్ల పరీక్షలకు కూర్చోవలసివచ్చింది. వృత్తిలో ఆరితేరినవారికి కూడా భాష రానందువల్ల వెనుకబడతామేమోనన్న కలత తప్పలేదు. పరభాష లాభాన్ని ఇవ్వడమే కాదు, మూల్యాన్ని కూడా కోరుతుంది.

నైపుణ్యమంటే పెద్ద పదాలు వాడడం కాదు. సందర్భానికి తగిన పదాన్ని వాడడం. 1990 జనవరి 25న కొలంబియాకు చెందిన అవియాంకా విమానం ఒకటి ప్రతికూల వాతావరణం వల్ల న్యూయార్క్‌లో దిగలేక, గంటకు పైగా ఆకాశంలోనే వేచి ఉంది. ఇంధనం తరిగిపోతున్నదని సిబ్బంది తెలిపారు. కాని అత్యవసర పరిస్థితిని సూచించే నిర్ణీత పదాన్ని వాడలేదు. నియంత్రణాధికారులు తీవ్రతను గ్రహించలేదు. ఇంధనం నిండుకొని విమానం కూలిపోయింది. 73 మంది మరణించారు. ఇటువంటి అనుభవాల దృష్ట్యా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో ఆరు స్థాయిల భాషా ప్రమాణాన్ని ఏర్పరచి, నాలుగవ స్థాయిని కనీస అర్హతగా నిర్ణయించింది. ఉచ్చారణ ఆంగ్లేయులవలె ఉండాలని ఆ ప్రమాణం కోరదు. ఎదుటివారికి అర్థం కావడమే ముఖ్యం.

తెలుగులో ఆలోచించిన వాక్యాన్ని యథాతథంగా ఆంగ్లంలోకి మార్చడం మరొక చిక్కు. ‘నాకొక సందేహం ఉంది’ అనే భావంతో మనవారు ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటారు. విదేశీయునికి అది ‘మీ మాట మీద నాకు నమ్మకం లేదు’ అన్నట్లు వినిపించవచ్చు. అక్కడ ‘క్వశ్చన్’ అనే మాట చాలు. అర్థం కాని విషయాన్ని జంకు లేకుండా మళ్లీ అడగడం, చెప్పదలచినదాన్ని చిన్న వాక్యాలలో రాయడం, ఎదుటివారి మాటను ఓపికగా వినడం – ఇవే నైపుణ్యానికి మెట్లు.

వృత్తి కోసం పరభాష నేర్వడం కొత్త విషయం కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చి, తెలుగు–ఆంగ్ల నిఘంటువును కూర్చారు. ఆయన తన ఆంగ్లాన్ని విడువలేదు, తెలుగును చేర్చుకున్నారు. నేటి యువత కూడా ఆంగ్లాన్ని ఆ విధంగానే చేర్చుకోవాలి. విషయపరిజ్ఞానం లేని ఆంగ్లం శుష్కవాగాడంబరం. ఆంగ్లం తోడుకాని విషయపరిజ్ఞానం బహుళజాతి సంస్థలలో మరుగునపడే దీపం. రెండింటినీ సాధించినవారికే అక్కడ ఉన్నతి లభిస్తుంది.

అర్థాలు
సోపానం = మెట్టు
వారధి = వంతెన
మూల్యం = వెల
వాగాడంబరం = మాటల పటాటోపం

ప్రశ్నలు
1. ఆంగ్లం వారధిగా నిలుస్తుందనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. అవియాంకా విమాన ప్రమాదం భాషా నైపుణ్యం గురించి తెలిపే పాఠమేమిటి?
3. ‘పరభాష మూల్యాన్ని కూడా కోరుతుంది’ – సమర్థించండి.