మందుల జాబితా కాదు, మంచం దగ్గర పాఠం

2023లో ఏలూరులో, మచిలీపట్నంలో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కలిదిండి వైపు పిల్లలకు ఎంబీబీఎస్ ఇప్పుడు ఇంటికి దగ్గరైంది. అలాంటి పిల్లలు గుండె ఆపరేషన్ థియేటర్‌కు వచ్చినప్పుడు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తగా బోధనలో చేరిన మత్తు డాక్టర్లకు నా సలహా ఒకటే: మందుల జాబితాతో వద్దు, ఒక్క పేషెంటుతో మొదలుపెట్టండి.

ముందురోజు సాయంత్రమే వార్డుకు తీసుకెళ్లండి. మైట్రల్ కవాటం సన్నబడిన ముప్పై ఏళ్ల మహిళ అనుకుందాం. చిన్నప్పుడు గొంతునొప్పి, తర్వాత కీళ్ల వాపులు, ఇప్పుడు నాలుగడుగులకే ఆయాసం. స్టూడెంట్ చేత నాడి పట్టించండి, లెక్క కట్టించండి. నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటే ఒక్కో చుట్టుకు ఒక సెకను, 120 అయితే అర సెకనే. ఆ కోత ఎక్కువగా పడేది గుండె నిండే సమయం మీద. ఇరుకు కవాటం దాటలేని రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఒత్తుతుంది. ఇంతవరకు అర్థమైతే, ఆమె భయం తగ్గేలా నాలుగు మాటలు మాట్లాడటం కూడా చికిత్సేనని మీరు చెప్పనక్కర్లేదు.

థియేటర్లో స్టూడెంట్‌ను పేషెంటు తల దగ్గర నిలబెట్టండి. మత్తు ఇచ్చే ముందే ధమనిలో సన్న గొట్టం పెడతాం కదా, ఆ ప్రెజర్ గీత చూపించి, "మందు వెళ్లాక ఇది ఎటు పోతుంది? ముందు చెప్పు, తర్వాత చూడు" అనండి. తప్పు చెప్పినా ఫర్వాలేదు, అప్పుడే గుర్తుంటుంది.

గీత ఎందుకు చూడాలో చెప్పడానికి మన హైదరాబాద్ కథే ఉంది. 1888, 1889లలో నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. శ్వాసను కనిపెట్టుకుంటే చాలు, గుండెకు నేరుగా ముప్పు లేదని తేల్చాడు. 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు ఆ మాటను తిప్పికొట్టాయి: తేలికపాటి మత్తులోనే క్లోరోఫాం గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదు. శ్వాసా చూడాలి, నాడీ చూడాలి.

పంపు (హార్ట్-లంగ్ యంత్రం) గురించి చెప్పడం మాత్రం మన వైపు తేలిక. ఏరేటర్ ఆగితే చెరువులో చేప ఏమవుతుందో కొల్లేటి పిల్లలకు తెలుసు. గుండె, ఊపిరితిత్తులు ఆగిన వేళ రక్తానికి ఆక్సిజన్ అందించేది ఈ పంపే. రక్తం అందులో గడ్డకట్టకుండా కేజీకి 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్ ఇస్తాం. పరీక్షలో ఏసీటీ (రక్తం గడ్డకట్టే సమయం) సాధారణంగా 400 సెకన్లు దాటాకే, చాలాచోట్ల 480 దాటాకే, పంపు మీదకు వెళ్తాం.

పంపు నుంచి బయటికి వచ్చే నిమిషాల్లో పాఠం చెప్పకండి. ఒళ్లు వెచ్చబడిందా, లయ కుదిరిందా, పొటాషియం ఎంత, వెంటిలేటర్ మళ్లీ ఆన్ చేశామా అని స్టూడెంట్‌నే నోట్ చేసుకోమనండి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మరిస్తే ప్రాణం మీదకు వస్తుంది.

వీళ్లలో చాలామంది గుండె మత్తు డాక్టర్లు కారు. కానీ కలిదిండిలోనో ముదినేపల్లిలోనో ఆయాసంతో ఓ గర్భిణి వీళ్ల ముందుకు రావచ్చు. అందుకే పోస్టింగ్ చివరి రోజు పేపరు పెట్టకండి. వార్డులో స్టెతస్కోప్ పెట్టించి, "ఈమెకు నాడి వేగం పెరిగితే ఏమవుతుంది?" అని అడగండి.